లంక మీద ఈస్టర్ కాఫీ

మార్చి 1, ఆదివారం

పాలు మాడిపోయాయి.

చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటున్నాను. మాడు వాసన గదిలోకి వచ్చేసింది. పరుగెత్తి వెళితే, అత్తయ్య గారు వంటింట్లోనే ఉన్నారు. పొయ్యికి బారెడు దూరంలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. తల కూడా ఎత్తలేదు.

"అత్తయ్య గారూ, పాలు!"

ఉలిక్కిపడ్డారు. గిన్నె వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. "చూస్తూనే ఉన్నాను," అన్నారు. చూడటం లేదు. నాకు తెలుసు.

వీధి మలుపులో నిలబడి ఏ ఇంట్లో పాతబడ్డ కాఫీ పొడి వాడుతున్నారో చెప్పే మనిషి. పక్కింటివాళ్ళ చారులో ఇంగువ తక్కువైందని ఇక్కణ్ణించి కేకేసి చెప్పే మనిషి...

మార్చి 2, సోమవారం

చిన్న పరీక్ష పెట్టాను. ఎండు మెత్తళ్ళ చేపల సంచి మూతి విప్పి ఆవిడ పడక్కుర్చీ వెనక పెట్టాను. సాయంత్రమంతా అక్కడే కూర్చుని పేపరు చదివారు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకున్నారు. "ఇదేం కంపు?" అని అరిచారు.

అత్తయ్య గారు పేపరు మడిచి నన్ను చూశారు. హెచ్.ఎం.గా ఉన్నప్పుడు కాపీ కొట్టే పిల్లల్ని అలాగే చూసేవారట.

మార్చి 4, బుధవారం

తనే చెప్పారు. డాబా మీద బట్టలు తీస్తుంటే పైకి వచ్చి, పిట్టగోడకి ఆనుకుని.

"నీ మెత్తళ్ళ ఎత్తు నాకు తెలిసిందిలే."

మడిచిన దుప్పటినే మళ్ళీ మడిచాను.

"జ్వరం వచ్చింది కదా మొన్న. అది పోతా పోతా దీన్నీ పట్టుకుపోయింది." ముక్కు మీద వేలు పెట్టి చూపించారు. నాకు చెప్పకుండా బస్సెక్కి రాజోలు వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నారట. రావచ్చు, రాకపోవచ్చు, చెప్పలేమండీ అన్నాడట ఆ డాక్టరు. "అంత చదువూ చదివి, చెప్పలేమండీ అంటాడేంటి?"

ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలైతే ఆవిడ కాఫీ మానేస్తారు, ప్రతి ఏడూ. ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు సీరియల్ మానేస్తారు. ఈవిడ కాఫీ. మళ్ళీ ఈస్టర్ తెల్లవారుజామున, ఏటి మధ్య లంకలో, ఇసుక మీద, తన చేత్తో పెట్టిన కాఫీ మొదటి గుక్కతోనే మొదలు. కాబట్టి ఇప్పుడు ఇంట్లో కాఫీ వాసన లేదు, ఆవిడకి తెలియట్లేదన్న సంగతీ ఎవరికీ పట్టలేదు.

"ఈస్టర్ కాఫీ మాటేంటండీ మరి?" అన్నాను.

"నేనే పెడతాను."

"మరి వాసన..."

"నీకు ముక్కుంది కదమ్మాయ్. కాస్త అరువియ్యి."

"ఎవరితోనూ అనకు. వాడితో కూడా," అన్నారు దిగి వెళుతూ. వాడంటే ఆయన. ఆవిడ కొడుకు.

మార్చి 5

నిద్ర పట్టలేదు. నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. పెళ్ళయిన కొత్తలో నా చేతి కాఫీ ఒక్కసారి తాగారు. "జ్వరం తగిలినవాళ్ళకి పనికొస్తుంది," అన్నారు. ఆ తర్వాత ఈ ఇంట్లో కాఫీ గిన్నె ముట్టుకోలేదు నేను. ఇప్పుడు సంఘమంతా తాగే కాఫీకి నా ముక్కు కావాలట!

మార్చి 7, శనివారం

డాబా మీద మొదటి పాఠం. ఇటుకలు పేర్చి పొయ్యి. కొబ్బరి పీచు డొక్కలు తెచ్చి పెట్టబోయాను.

"అది దోమలకి పొగేసుకోడానికి. కాఫీకి చిప్పలు."

నిజమే. డొక్క పొగ చిమ్ముతుంది, ఆ పొగంతా డికాక్షన్ తాగేస్తుంది. చిప్ప ఎండితే నిప్పు కణకణలాడుతుంది, పొగ రాదు. అందుకేనా ఏడాది పొడుగునా చిప్పలన్నీ గోనె సంచుల్లో దాచేది! పిచ్చి అనుకునేదాన్ని. ఆయనతో కూడా అన్నాను ఒకసారి.

నీళ్ళు తెర్లాయి. దించారు. పొడి వెయ్యరేం? చూస్తూ కూర్చున్నారు. పెద్ద బుడగలు చచ్చి, చిన్నవి అంచుకి చేరాక అప్పుడు వేశారు. మరుగుతున్న నీళ్ళలో వేస్తే పొడి మాడుతుందట. ఒక్కసారి గరిటె తిప్పి మూత.

"చెప్పు. ఎలా ఉంది?"

"బావుందండి."

"బావుందంటే నాకేం తెలుస్తుందమ్మాయ్? బావుందన్నది వాసన కాదు. సరిగ్గా చెప్పు."

మళ్ళీ వంగాను. మూత ఎత్తాను. కళ్ళు మూసుకున్నాను. "తడి గోనె సంచి," అన్నాను భయపడుతూ.

"ఆయ్. ఇంకా పచ్చి. ఆగు."

కాసేపటికి... "వేయించిన శనగపప్పు పొట్టు."

"దగ్గరికొచ్చింది."

ఇంకాసేపటికి నాకే ఆశ్చర్యం. గోనె పోయింది. పప్పు కమ్మదనం, దాని వెనక ఎక్కడో పాకం పట్టిన బెల్లం. అదే చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది.

"వడకట్టు."

తాగింది నేనే. ఆవిడ వ్రతం ఆవిడది. నా జన్మలో అంత మంచి కాఫీ తాగలేదు. రాసుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఏడుపొచ్చింది.

మార్చి 10

గుర్తులు పెట్టుకున్నాం. జనం ముందు "తడి గోనె సంచి" అని అరవలేం కదా. చెంచాతో గ్లాసు అంచు మీద ఒకసారి కొడితే ఇంకా పచ్చి, ఆగాలి. రెండుసార్లు కొడితే అయింది, వడకట్టొచ్చు. ఆవిడే నేర్పారు. స్కూలు గంట కొట్టించిన మనిషి మరి.

మార్చి 15, ఆదివారం

సముద్రం ఒడ్డున, ఇసుకలో ఇంకో పాఠం. నేను పాఠం చెప్పే ఉప్పలగుప్తం స్కూల్లో పని చేసే మాస్టారి కొబ్బరి తోట అక్కడే ఉంటే, ఆ మాస్టారే టెంటు వేసి ఇచ్చారు. ఇంట్లో మాత్రం విహారయాత్ర అని చెప్పాం. ఆయన మా ఇద్దరినీ అనుమానంగా చూశారు. అత్తాకోడళ్ళు కలిసి విహారయాత్రకి వెళ్ళడం ఈ ఇంట్లో ఇదే మొదలు.

గాలి ఒకటే హోరు. మంట నేల మీదే పడుకుంటోంది. కాఫీలో ఇసుక. పంటి కింద కరకర. అత్తయ్య గారు గొయ్యి తీయించారు, మూరెడు లోతున, చీమ దూరే సందు కూడా లేకుండా గట్టు కట్టించారు. ఒంగి తీసింది నేనే. చెమటలు. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని, "ఇంకాస్త... ఇటు... అటు కాదమ్మా," అంటూ. ఒక దశలో పార ఆవిడ ఒళ్ళో పడేసి పోదామనిపించింది.

తోటలో పంపు నీళ్ళు పట్టాను. ఆవిడ చూస్తూ ఊరుకున్నారు. పాలు పోసేసరికి విరిగిపోయాయి. ఆ చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులు, నీళ్ళన్నీ ఉప్పు కషాయమే.

"మీకు తెలుసు కదండీ! ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే మర్చిపోతావ్. విరిగితే మర్చిపోవు."

కోపమొచ్చింది. కానీ మర్చిపోను, అది మాత్రం నిజం. నీళ్ళు ఇంటి నుంచే.

మార్చి 22, ఆదివారం

ఆరాధనయ్యాక స్త్రీల సమాజం మీటింగు. కార్యదర్శి శాంతమ్మ గారు లేచారు. మంచి మనిషే. కానీ ప్రతి మంచి పనికీ మెషీను ఉందంటారు.

"టీచరమ్మ గారికి శ్రమెందుకండీ ఈ వయసులో? ఆ ఇసుకలో, ఆ పొగలో... కాఫీ మెషీను అద్దెకిస్తున్నారండి అమలాపురంలో. చిన్న జనరేటరు పెట్టుకుంటే లంకలోనే బటన్ నొక్కడమే."

కొందరు తలలూపారు. అత్తయ్య గారు లేచి పైట సర్దుకున్నారు.

"ఈ ఏడు నేనే పెడతానండి. బాగోలేదనుకోండి, వచ్చే ఏడు నుంచి మీ మెషీను తెచ్చుకోండి. నేను మాట్లాడను."

కూర్చున్నాక నా చెయ్యి పట్టుకున్నారు. చల్లగా ఉంది ఆవిడ చెయ్యి. ఎవరికీ కనబడకుండా కొంగు కింద పట్టుకున్నారు.

మార్చి 29, మట్టల ఆదివారం

పిల్లలు మట్టలు పట్టుకుని వీధంతా తిరిగారు. తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య గారు మెల్లిగా నడుస్తూ వెనకబడ్డారు. నేనూ ఆగాను.

"ఈస్టర్ నాడు మొదటి గుక్క పడగానే తిరిగొచ్చేస్తుందేమోనమ్మాయ్," అన్నారు.

నా వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ అన్నారు.

రోజూ దాని కోసమే ప్రార్థన చేస్తున్నారని అప్పుడు అర్థమైంది. వ్రతం ఏటా ఉండేదే. ఈసారి మాత్రం ఎదురుచూపు.

ఏప్రిల్ 2, గురువారం

గింజలు వేయించాం. మన్యంలో టీచరుగా ఉన్న పాత శిష్యురాలు పంపిన పచ్చి గింజలు. ఇనప మూకుడు, సన్నని సెగ. ఈ పనికి నా ముక్కు అక్కర్లేదన్నారు. చెవి మూకుడు వైపు వంచి కూర్చున్నారు. గింజ మొదటిసారి చిటపటలాడగానే, "ఊ." ఇంకొద్దిసేపటికి చెయ్యెత్తారు, దించు అని. రంగు చూశాను, ఒక్క గింజ ఎక్కువ తక్కువ లేదు.

ఒక ఇంద్రియం పోతే ఇంకోదాన్ని పనిలో పెట్టేశారు. నాకైతే మంచం ఎక్కి మూలిగే సందు దొరికేది.

పొడి రెండు డబ్బాల్లో పోశారు. పెద్దది అందరికీ. చిన్నది, పాత పౌడరు డబ్బా, తనకి. వ్రతం విడిచే కాఫీ ఎప్పుడూ దాంతోనేనట. అందులోకి మూకుడు మధ్యలో వేగిన గింజలే ఏరి ఏరి వేశారు.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

ఉపవాసం. పొద్దుటి నుంచి చర్చిలోనే. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 4, శనివారం

లంక. టెంటులో రాస్తున్నాను, టార్చి వెలుగులో. పక్కన సమాజం ఆడవాళ్ళంతా పాటలు. రేపు తెల్లవారేసరికి మగవాళ్ళూ పిల్లలూ పడవల్లో వస్తారు, సూర్యోదయ ఆరాధనకి.

వైనతేయ పాయలో నీరు బాగా తగ్గింది. సగం ఇసుకే. వీర్రాజు ఇంజను పడవలో అన్నీ తెచ్చాం: టెంట్లు, డేకిసాలు, నీళ్ళ క్యాన్లు, చిప్పల సంచులు. వేసవిలో పోటు వస్తే ఏటి నీళ్ళు ఇక్కడిదాకా ఉప్పెక్కుతాయి. ఇప్పుడు నేనూ తెలిసినదాన్నే. ఎవరో బిందెతో ఏటి నీళ్ళు తేబోతే, "వద్దండీ, పాలు విరుగుతాయి," అన్నాను దర్జాగా. అత్తయ్య గారు పక్కకి తిరిగి నవ్వుకున్నారు.

గాడిపొయ్యి తవ్వేటప్పుడు చిన్న గొడవ. ఆవిడ గొయ్యి నోరు సముద్రం వైపు పెట్టించారు, గట్టు ఊరి వైపు. శాంతమ్మ గారు గాలికి చెయ్యడ్డం పెట్టి చూసి, "గాలి ఇటు నుంచి వస్తోంది కదండీ, తిరగేసి కట్టేరు," అన్నారు. అందరికీ అలాగే అనిపించింది. నాకూ.

"ఇది సాయంత్రం గాలండీ. మనం కాఫీ పెట్టేది తెల్లారగట్ల కదా. అప్పటికి గాలి ఊరి మీంచి తిరుగుతుంది."

ఇప్పుడున్న గాలికి కాదు, రేపటి గాలికి పొయ్యి కట్టారు! నాకు ఈవిడ అత్తగారని చెప్పుకోవాలనిపించింది, ఇక్కడందరికీ తెలిసినా సరే.

ఒకటే చీకాకు. పడవ అడుగున నీరు చేరి ఒక సంచిలో చిప్పలు తడిశాయి. పాల పొయ్యికి వాటినే వాడాలి. ఆరబెట్టాను. మంచు పడకపోతే చాలు.

ఏప్రిల్ 5, ఈస్టర్

ఇంటికొచ్చాం. ఎడమ పాదానికి మందు రాసుకుని మంచం మీద కూర్చుని రాస్తున్నాను. అంతా వరసగా రాయాలి, లేకపోతే తల పగిలిపోతుంది.

చీకటుండగానే లేచాం. గాలి ఊరి మీంచే. అచ్చం ఆవిడ చెప్పినట్టే. చిప్పలు అంటుకున్నాయి, పొగ లేదు. అవతల ఇసుక దిబ్బ మీద ఆరాధన మొదలైంది. పాటలు వినిపిస్తున్నాయి. నీళ్ళు తెర్లాయి, దించాం, బుడగలు చచ్చాయి, పొడి పడింది. నేను వంగాను. గోనె సంచి. చెంచా ఒకసారి. మళ్ళీ వంగాను. శనగపప్పు. ఒకసారి. మళ్ళీ... బెల్లం పాకం. డాబా మీద కంటే గొప్పగా, తడి ఇసుక చల్లదనంతో కలిసి... రెండుసార్లు కొట్టాను. ఆవిడ నాకేసి చూసి తలూపారు. అంతవరకూ అంతా అద్భుతం.

పాల క్యాను తేవడానికి టెంటుకి వెళ్ళాను. డికాక్షన్ తేరుకోవడానికి ఆఖర్న చెంబెడు చన్నీళ్ళు చల్లుతారు ఆవిడ. పొడి అడుక్కి దిగిపోతుంది. ఆ పని ఆవిడ చేసుకున్నారు, నేను లేనప్పుడు.

తిరిగొస్తుంటే పాల పొయ్యి భగభగ మండుతోంది. తడి చిప్పలు ఎలా అంటుకున్నాయి? వీర్రాజు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"అంటుకోట్లేదని ఓ చెంబుడు డీజిలు పోసేనండి మేడం. ఆయ్, ఇంజను డబ్బాలోది. ఇంక చూడండి మంట!"

సాయం చేశాననుకుంటున్నాడు, పాపం.

"ఏ చెంబుతో?"

"అదేనండి. ఆ టీచరమ్మ గారి పక్కనున్నది."

పాల క్యాను అక్కడే దించి పరుగెత్తాను. వెళ్ళేసరికి అత్తయ్య గారు డేకిసా మూత ఎత్తి వంగి ఉన్నారు. పక్కన శాంతమ్మ గారు, పళ్ళెం నిండా గ్లాసులతో. అత్తయ్య గారు గుండె నిండా గాలి పీల్చుకుని, కళ్ళు అరమోడ్చి, "చూడండి శాంతమ్మ గారూ, ఆ వాసన! మీ మెషీను ఇస్తాదా ఇలాంటిది?" అన్నారు.

ఆవిరి నా మొహానికి కొట్టింది. డీజిలు. బెల్లం లేదు, పప్పు లేదు. పడవ ఇంజను.

శాంతమ్మ గారు ముక్కు ఎగబీల్చారు. "ఏదో వాసనండీ... పడవది లాగ..." అంటూ డేకిసా వైపు వంగబోయారు.

అత్తయ్య గారు నా చేతిలో చెంచా వైపు చూశారు. ఏదీ, కొట్టవేం, అన్నట్టు. ఒకటంటే ఆగాలి, రెండంటే అయింది. పారబోయాలి అనడానికి మేము గుర్తు పెట్టుకోలేదు.

నోరు తెరిచి చెప్పొచ్చు. చెబితే, అప్పుడే అంత గొప్పగా వాసన చూసిన మనిషి మొహం ఏం కావాలి? అక్కడే అందరికీ తెలిసిపోతుంది. ఆవిడ ఇన్నాళ్ళు దాచుకున్నది, నా చెయ్యి కొంగు కింద పట్టుకున్నది... చెప్పలేకపోయాను.

తన్నేశాను.

కాలు తడబడినట్టు ఒక అడుగు వేసి డేకిసాని తన్నేశాను. డికాక్షనంతా ఇసుకలో ఇంకిపోయింది. కొంత నా పాదం మీద.

"అయ్యయ్యో! సునీతా!" శాంతమ్మ గారు. ఎవరో పిల్ల నవ్వింది. ఆయన ఆలస్యంగా అప్పుడే పడవ దిగి వస్తూ చూసి తల పట్టుకున్నారు. అత్తయ్య గారు నన్ను చూశారు. అలా ఎప్పుడూ చూడలేదు నన్ను.

పెద్ద డబ్బా ఖాళీ. ఆరాధన ముగింపు ప్రార్థన మొదలైంది. కాసేపట్లో అందరూ వస్తారు. శాంతమ్మ గారు, "పోన్లెండి టీచరమ్మ గారూ, ఈసారికి పాలిచ్చేద్దాం," అన్నారు, నిజంగా జాలిపడుతూనే.

అత్తయ్య గారు సంచిలోంచి పౌడరు డబ్బా తీశారు. ఆవిడది. ఏరి ఏరి వేసుకున్నది.

వేరే గిన్నె. వేరే చెంబు నేనే ముందుగా చేతికిచ్చాను, పాతది తీసి ఇసుకలో పాతేశాను. నీళ్ళు తక్కువ పోశారు, పాలు ఇంకా తక్కువ. "పెద్ద గ్లాసులు తీసేయండి. చిన్నవే," అన్నారు. నేను వంగి, కన్నీళ్ళ మధ్య వాసన చూసి, ఒకసారి కొట్టాను... ఒకసారి... రెండుసార్లు.

అందరికీ రెండేసి గుక్కలు. చిక్కగా, సెగలు కక్కుతూ. సూర్యుడు ఏటి మీదకి వచ్చాడు. పాస్టరు గారు గ్లాసు బోర్లించి ఆఖరి చుక్క కోసం చూసుకున్నారు. ఎవరో, "ఇంతకు ముందెప్పుడూ ఇలా లేదండీ," అన్నారు. నాకూ అలాగే అనిపించింది. మనుషులు తాగవలసిన కాఫీ అదే, అంతే.

చివర గిన్నె వంచి తన గ్లాసులో పోసుకున్నారు. గుక్కెడు ఉంది. తిరిగి ఏటి వైపు మొహం పెట్టుకుని తాగారు. నేను ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను.

గ్లాసు కడిగేశారు.

ఏప్రిల్ 6, సోమవారం

మాట్లాడట్లేదు. రాత్రి నా పాదానికి మందు మాత్రం తనే రాశారు. రాస్తూ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు.

ఆయనకి నా మీద కోపం. "ఆ ఒక్క రోజూ జాగ్రత్తగా ఉండలేకపోయావా?" అన్నారు.

ఏప్రిల్ 7

శాంతమ్మ గారు వచ్చారు. వచ్చే ఏడూ చిన్న గ్లాసులే పెడదామా అని అడిగారు. మెషీను మాట ఎత్తలేదు. అత్తయ్య గారు, "చూద్దామండీ," అన్నారు. అంత నీరసంగా ఎప్పుడూ అనరు.

ఏప్రిల్ 8, బుధవారం

సాయంత్రం పెరట్లో చిప్పలు ఎండలోంచి తీస్తున్నాను. వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"కాలు జారినోళ్ళు వెనక్కి పడతారమ్మాయ్. నువ్వు ముందుకి తన్నేవు. కాలిన మచ్చ బొటనవేలు మీద ఉంది."

చిప్పలు సంచిలో వేస్తూనే ఉన్నాను.

"ఏం వాసనొచ్చింది?"

సంచి మూతి కట్టడం మొదలెట్టాను.

"చెప్పమంటున్నాను కదా."

"డీజిలండి. వీర్రాజు చెంబు..."

కాకులు. దూరంగా ఎవరింట్లోనో తిరగమోత. ఆ వాసన ఆవిడకి అందట్లేదని గుర్తొచ్చింది.

"నేను దాని మీద వంగి, మెషీను ఇస్తాదా ఇలాంటిది అన్నాను," అన్నారు. తర్వాత నవ్వు మొదలెట్టారు. మొదట చిన్నగా. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ. నేనూ ఆపుకోలేకపోయాను. ఆయన లోపల్నుంచి వచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి, వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయారు.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని చెప్పారు. "చేదు తెలిసిందమ్మాయ్ ఆరోజు. తీపి తెలిసింది. వేడి తెలిసింది. కాఫీ తెలీలేదు."

లేచి వెళ్ళారు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "పొద్దున్న కాఫీ నువ్వు పెట్టు," అన్నారు.

ఏప్రిల్ 9, గురువారం

పెట్టాను.

పౌడరు డబ్బా అడుగున మిగిలిన పొడి దులిపి, గ్యాసు మీద కాదు, పెరట్లో ఇటుకల మీద, చిప్పల నిప్పు మీద. బుడగలు చచ్చేదాకా ఆగాను. గోనె, పప్పు, పాకం. అన్నీ వరసగా వచ్చాయి. గ్లాసులో పోసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క గ్లాసు మీద ఆవిడ మాట కోసమే కదా కాచుకున్నాను.

ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అలవాటు. కాసేపు అలాగే ఉంచారు. ఒక గుక్క తాగారు.

"ఎలా ఉంది?" అని అడిగారు. నన్ను!

"బావుందండి."

"బావుందన్నది వాసన కాదమ్మాయ్. సరిగ్గా చెప్పు."

పక్కనే అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ గ్లాసు మీదకి వంగాను. చెప్పాను... ముందు వేయించిన శనగపప్పు, పొట్టు ఊదేసినది. దాని కింద బెల్లం పాకం, తీగ రాకముందుది. ఆఖర్న, ఎక్కడో అడుగున, మంచులో తడిసిన ఇసుక.

కళ్ళు మూసుకుని విన్నారు. ఇంకో గుక్క తాగారు. వీధిలో నేను స్కూలుకెళ్ళే ఉప్పలగుప్తం బస్సు హారన్ వినిపించింది. లేవబోయాను. నా మణికట్టు పట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పు," అన్నారు.

మళ్ళీ చెప్పాను. బస్సు వెళ్ళిపోయింది.